దూది పట్టని గింజ

పత్తిపువ్వు విచ్చుకున్న పొద్దున మీగడ రంగులో ఉంటుంది.

వేలితో తాకితే చల్లన. కొంచెం జిగట.

సాయంత్రానికి అంచుల్లో గులాబీ చాయ పాకుతుంది. మర్నాడు ఎర్రబారి, ముడుచుకుని, చుట్ట చుట్టుకుపోతుంది.

కానీ ఆ ఒక్క పగటి వెలుగులో, పువ్వు అడుగున, కాయ కాబోయే ఆ ఆకుపచ్చని చీకటిలో, గింజ ఒళ్లు జలదరిస్తుంది.

నిజంగానే జలదరిస్తుంది. గింజ చర్మం మీది కణాలు కొన్ని ఉబ్బుతాయి. బుడగలై లేస్తాయి. బుడగ కొన సన్నబడుతుంది. సన్నబడి సాగుతుంది. సాగుతూ... సాగుతూ... పోగవుతుంది.

ఒక్కో పోగు ఒక్కో కణం.

దూది అంటే అంతే. గింజ ఒంటి మీద లేచి, ఆగకుండా సాగిన కణాలు.

నీరజ ఆ జలదరింపును చూస్తూ ఏళ్లు గడిపింది. సూరత్‌లో, పత్తి మీద పరిశోధన జరిగే ఒక పాత భవనంలో, సూక్ష్మదర్శిని ముందు కూర్చుని. కిటికీ అవతల బస్సుల హారన్లు. దూరంగా మిల్లుల పొగ. ఇవతల గాజుపలక మీద గోటి చివరంత కూడా లేని లేత గింజ.

ఆ కణాన్ని ఏది సాగదీస్తుంది?

చక్కెర.

ఆకు ఎండలో వండిన చక్కెర కాడల్లోంచి దిగి గింజ దాకా వస్తుంది. గింజ నుంచి కణంలోకి. కణం మధ్యలో ఒక నీటితిత్తి. అక్కడ చక్కెర రెండుగా విరుగుతుంది. విరిగిన చక్కెర నీటిని పిలుస్తుంది. నీరు వస్తుంది. తిత్తి ఉబ్బుతుంది. లోపలి నుంచి తోస్తుంది. గోడ ఇంకా లేత — ఆ గోడ కూడా చక్కెరతో కట్టిందే — ఒదిగి, దారి ఇచ్చి, పొడవవుతుంది.

చక్కెరను విరవడానికి ఒక కత్తెర కావాలి. ఆ కత్తెరను తయారుచేయమని చెప్పేది ఒక జన్యువు.

నీరజ మొక్కల్లో ఆ జన్యువులో ఒక్క అక్షరం తప్పింది.

జన్యువుల్ని మార్చే మందులో నానబెట్టిన వేల గింజల్లోంచి మొలిచిన ఒకే ఒక్క మొక్కలో ఆ తప్పు దొరికింది. దాని సంతానమే ఆమె మొక్కలన్నీ. వాటిలో చక్కెర వస్తుంది... విరగదు. నీరు రాదు. బుడగ లేస్తుంది... సాగదు. కొన సన్నబడదు. గుండ్రంగా, పూసలాగా, అలాగే ఉండిపోతుంది.

కాయ పగిలితే లోపల తెలుపు లేదు.

నల్లని బోడి గింజలు.

దూది రాని పత్తి ఎవరికి కావాలని నవ్వినవాళ్లున్నారు. నీరజకు కావాలి. ఆగిపోయినదాన్ని చూస్తేనే కదా, సాగేది ఎందుకు సాగుతుందో తెలిసేది. ఆమె గైడు మేడం కూడా అదే అనేది. గుజరాతీ మనిషి. నవ్వదు, పొగడదు. కానీ కిందటేడు ఒక పెద్ద సభలో నీరజ తీసిన ఫొటోలు తెర మీద వేసి, "ఇది మా అమ్మాయి పని" అన్నది.

ఆ మాటను నీరజ ఇంటికి తెచ్చింది. మిఠాయి పొట్లం తెచ్చినంత జాగ్రత్తగా.

*

ఇల్లు సూరత్ శివారు డిండోలిలో. మూడో అంతస్తు. రెండు గదులు. పైన డాబా.

తండ్రి సదానందం ఉధ్నాలో మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. ఊరు సిరిసిల్ల వైపు. పెళ్లికి ముందే వచ్చాడు సూరత్‌కు. అప్పటినుంచి పాలిస్టర్ చీరల బట్ట నేస్తూనే ఉన్నాడు. సాంచాల — ఆ మరమగ్గాల — మోతకు చెవులు సగం పోయాయి. అందుకే ఇంట్లో గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు.

తల్లి స్వరాజ్యం ఇంట్లోనే చీరలకు లేసు కుడుతుంది. నెమ్మదైన మనిషి. సదానందం మాట ఎంత పెద్దదో ఆమె మాట అంత చిన్నది.

అన్నం తినేటప్పుడు నీరజ చెప్పేది. బుడగ గురించి. నీటితిత్తి గురించి. చక్కెర గురించి.

"షక్కర తోటి దారమా!" సదానందం పెద్దగా నవ్వేవాడు. "ఇన్నవా స్వరాజ్యం, నీ బిడ్డ షక్కర తోటి దారం దీస్తదట. నేనింత బతుకు బతికి ప్లాస్టిక్ దారం నేస్తున్న."

మర్నాడు ఆ మాటే కార్ఖానాలో చెప్పేవాడు. గల్లీలో చెప్పేవాడు. ఫోన్లో ఊళ్లో ఉన్న తమ్ముడు పరుశురాంకు చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ దారం కొంచెం పొడవయ్యేది.

"మా నీరజ పత్తి మీద రిసర్చి జేస్తుంది తమ్మీ. దూది గింత పొడువు..."

ఎంత పొడవో నీరజ ఎప్పుడూ చెప్పలేదు. ఆమె మొక్కలకు అసలు దూదే లేదు.

తండ్రికి తెలుసు ఆ సంగతి. ఆమె చెప్పింది. చాలాసార్లు చెప్పింది.

విన్నాడనే అనుకుంది.

*

జూన్ మొదట్లో, అసలు వానల కంటే ముందే, ఒక గాలివాన వచ్చింది.

ప్రయోగశాల పైకప్పు కురిసింది. కరెంటు పోయింది. రోజుల తరబడి రాలేదు. చల్లని పెట్టెల్లో దాచిన పాత ఆకుల నమూనాలన్నీ కరిగి, కుళ్లి, వాసన పట్టాయి. గోడల్లోకి నీరు దిగింది. విత్తనాల అరలో బూజు మొదలైంది.

"నీ గింజల డబ్బా ఇంటికి తీసుకుపో," అంది మేడం. "పైకప్పు బాగయ్యేదాకా. పొడిగా ఉంచు. మిగిలినవి అవే."

మిగిలినవి అవే.

అల్యూమినియం డబ్బాను నీరజ ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది. ఇంట్లో ఇనుప బీరువాలో, పట్టుచీరల పక్కన పెట్టింది. తాళం వేయలేదు. ఇల్లే కదా.

ఆ వారమే పరుశురాం ఫోన్ చేశాడు. సదానందం స్పీకరు పెట్టి మాట్లాడాడు, ఎప్పట్లాగే.

"అన్నా, ఇత్తే టైమొచ్చింది. అంగట్ల దొరికే ఇత్తులు పోయినేడు ముంచినయ్. మన బిడ్డ అంత పెద్ద రిసర్చి జేస్తుందంటివి, మనకు గిన్ని ఇత్తులు ఇయ్యదా?"

ఫోన్ పెట్టేశాక సదానందం కూతురి వైపు చూశాడు.

"జర ఆలోచించు బిడ్డా. మన చెలకనే. మూలకు నాలుగు సాళ్లు ఏసుకుంటడు."

"అవి రైతుకు పనికొచ్చేవి కావు బాపు. వాటికి దూది రాదు. చెప్పిన గదా."

"దూది రాని పత్తి మీద గవర్నమెంటోళ్లు ఇన్నేండ్లు చదివిస్తరా?"

"నిజంగ బాపు. రాదు."

ఆయన లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని డాబా మీదికి పోయాడు. ఆ వెళ్లడంలో ఏదో ఉంది. కాదన్నందుకు కోపం కాదు... నమ్మలేదన్న సంగతి.

నీరజ దాన్ని కోపమే అనుకుంది.

కొద్ది రోజులకు ఊళ్లో మేనకోడలి పెళ్లంటూ సదానందం వెళ్లి వచ్చాడు. వస్తూ సకినాలు తెచ్చాడు. హుషారుగా ఉన్నాడు. తల్లి మాత్రం ఆ రోజుల్లో కూతురి ముఖంలోకి సూటిగా చూడలేదు. లేసు కుడుతూ తల వంచుకునే ఉంది. కళ్లు నొప్పిగా ఉన్నాయంది.

*

వానలు కుదిరాక నీరజ డబ్బా తెచ్చి, పరిశోధనా క్షేత్రంలో తన మడిలో గింజలు నాటింది.

మొలిచాయి.

ఆకులు కాస్త పెద్దవిగా ఉన్నాయనిపించింది. ఈసారి వాన బాగా పడింది కదా, అనుకుంది.

కొమ్మలు కొంచెం గుబురుగా పెరిగాయనిపించింది. నేల బలం, అనుకుంది.

తెచ్చింది తను. నాటింది తను. డబ్బా ఇంట్లోంచి వచ్చింది. అనుమానించడానికి ఏముంది?

పూలు వచ్చాయి. మీగడ రంగు. సాయంత్రానికి గులాబీ. ప్రయోగశాలకు ఇంకా మరమ్మతులే, సూక్ష్మదర్శిని మూటకట్టి ఉంది, గింజల్ని కోసి చూసే వీల్లేకపోయింది. కాయ పగిలేదాకా ఆగుదాం, అంది మేడం.

ఆగారు.

దీపావళి ముందు, ఎండ తెల్లగా కాస్తున్న ఒక పూట, మొదటి కాయ పగిలింది.

తెలుపు.

నిండు తెలుపు. నాలుగు అరల్లోంచి పొంగి, వేలాడి, గాలికి ఊగుతున్న తెలుపు.

నీరజ దాని ముందు నిలబడిపోయింది. చుట్టూ పొలంలో పనిచేసేవాళ్లు నడుస్తున్నారు. ఎవరో పాట పెట్టుకున్నారు. ఆమెకు ఏదీ వినపడలేదు.

మర్నాడు ఇంకో కాయ. తెలుపు. తర్వాత మడి మొత్తం.

లోకంలో ప్రతి పత్తి రైతూ ఎదురుచూసే దృశ్యం అది. ఆమె పని కూలిపోయిన దృశ్యం కూడా అదే.

*

ఆకులు కోసి జన్యువు చదివించారు. ఆ అక్షరం మామూలుగా ఉంది. తప్పు లేదు. ఎప్పుడూ తప్పనట్టే ఉంది.

మేడం తలుపు దగ్గరికి వేసి మాట్లాడింది.

"నీరజా. కిందటేడు ఫొటోల్లో ఉన్నవి ఏ మొక్కలు?"

"వీటి తల్లులే మేడం."

"తల్లిలో ఉన్న తప్పు పిల్లలన్నిటిలో ఉండాలి. ఒక్కదానిలో కూడా లేదు. పాత నమూనాలు పాడైపోయాయి. మరి నేను ఏం చూపించాను ఆ సభలో? దేన్ని నా అమ్మాయి పని అన్నాను?"

నీరజ తల వంచి బల్ల మీది జన్యువు రిపోర్టును మళ్లీ చదివింది.

ఆ తల వంచుకోవడం ఒక ఒప్పుకోలులాగా ఆ గదిలో పరుచుకుంది.

విచారణ పెడతారన్నారు. అప్పటిదాకా పని ఆపమన్నారు. క్యాంటీన్లో ఆమె కూర్చుంటే పక్క బల్ల ఖాళీ అయ్యేది. ఫొటోలు కల్పించి ఉంటుంది, అనేవాళ్లు గుజరాతీలో, ఆమెకు గుజరాతీ రానట్టు. సూరత్‌లో పుట్టిన పిల్లకు రానట్టు.

అన్నిటికంటే భయంకరమైనది వేరే ఉంది. ఆమె తనను తానే అనుమానించడం మొదలుపెట్టింది.

నిజంగా చూశానా ఆ పూసలను?

చూడాలనుకుని చూశానా?

డుమస్ వెళ్లి సముద్రం ముందు కూర్చుంది ఒక ఆదివారం. నల్లని ఇసుక. బజ్జీల నూనె వాసన. పిల్లల కేకలు. ఇసుకలో వేలితో బుడగ గీసింది. కొన సన్నబడ్డ బుడగ ఒకటి. గుండ్రంగా ఆగిపోయిన బుడగ ఒకటి. రెండూ తను కల్పించినవేనేమో అనిపించింది. అల రాకముందే అరచేత్తో చెరిపేసింది.

ఇంట్లో రోజూ ఏడ్చేది. దాచుకోలేదు. ఇల్లే కదా.

ఒకరోజు ఒక తెల్లని కాయ తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"ఎట్ల బాపు ఇది? ఎట్లయితది? నా గింజల్లకెల్లి ఇది ఎట్లొస్తది?"

సదానందం కాయను చేతిలోకి తీసుకున్నాడు. దూదిని వేళ్లతో సాగదీశాడు. నేతవాడి వేళ్లు, పోగు బలం చూసే వేళ్లు.

"మంచిగనే వచ్చింది గదా బిడ్డా," అన్నాడు. "తెల్లగ... మంచిగనే ఉంది."

తల్లి ఆమె తల మీద చేయి వేసి దిష్టి తగిలిందంది. ఉప్పు తిప్పి పోసింది.

ఇద్దరూ ఆమె కన్నీళ్లు తుడిచారు.

ఇద్దరూ.

*

ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నం. సదానందం స్నానానికి వెళ్లాడు. ఆయన ఫోన్ ఛార్జింగులో, గోడ పక్కన నేల మీద ఉంది. మోగింది.

పరుశురాం. వీడియో కాల్.

నీరజ ఎత్తింది. మాట్లాడేలోపే అవతల నుంచి గొంతు.

"అన్నా, ఏం ఇత్తులిచ్చినవే ఇవి? సూడు. సూడు నువ్వే."

ఫోన్ చేలోకి తిరిగింది. ఎండ. ఊగే ఆకులు. ఒక చేయి వచ్చి పగిలిన కాయను దగ్గరికి లాగింది.

నాలుగు అరలు.

నల్లని గింజలు. నున్నగా, బోడిగా.

తెలుపు లేదు.

నీరజ ఫోన్‌ను ముఖం దగ్గరికి లాక్కుంది. అన్ని వారాల తర్వాత... అవి ఉన్నాయి. ఆ పూసలు నిజం. తను చూసింది నిజం. ఒక్క క్షణం — అది సంతోషమే. ఒళ్లంతా పాకిన సంతోషం.

తర్వాత మిగతాది అర్థమైంది.

"చిన్నబాపు," అంది. "జర దగ్గరికి పెట్టు."

తెర మీదికి పరుశురాం ముఖం వచ్చింది. ఎండకు కమిలిన ముఖం.

"నీరజనా? నువ్వు ఇచ్చినవేనటగా బిడ్డా. మీ బాపు సెప్పిండు, నీరజ మనకోసరమే దీసిపెట్టిందని. నాలుగు సాళ్లు అన్నిటికన్న మంచి జాగల ఏసిన. గిట్ల జేస్తవా మాకు?"

"నేను... చిన్నబాపు, వాటిని పీకకు. ఒక్క చెట్టు గూడ పీకకు."

"పీకక? పొద్దుగాలటి సంది పీకుతనే ఉన్న. కుప్పేసి అగ్గి పెడుతున్న. ఊరంత నవ్వవట్టె."

"చిన్నబాపు, ఆగు—"

కాల్ తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

సదానందం తల తుడుచుకుంటూ వచ్చాడు. కూతురి చేతిలో తన ఫోన్ చూశాడు. తువ్వాలు తల మీదే ఆగిపోయింది.

తల్లి కుట్టు ఆపింది.

ఎవరూ ఏమీ అడగకముందే ఆ గదిలో అందరికీ అన్నీ తెలిసిపోయాయి. కాదు... ఇద్దరికి ముందే తెలుసు. ఇప్పుడు మూడో మనిషికి తెలిసింది.

"నా డబ్బాల ఏ గింజలు పెట్టినవ్ బాపు?"

"కామ్‌రేజ్ కాడ షాపుల కొన్నయ్," అన్నాడు సదానందం. ఆ పెద్ద గొంతు ఎక్కడికో పోయింది. "పాకిట్ గింజలకు రంగు ఉంటది. మీ అమ్మ కడిగింది. డాబా మీద ఆరబెట్టినం. కడిగినంక... ఒక్క తీరే ఉన్నయ్."

నీరజ తల్లి వైపు చూసింది. స్వరాజ్యం చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తోంది. ఆ చేతులే తన తల నిమిరి దిష్టి తీశాయి.

"ఎందుకు?"

"తమ్ముడు అడిగిండు గదా బిడ్డా. ఊళ్లె అందరికి చెప్పుకున్న. నువ్వేమో పనికిరావంటివి. పెద్ద కంపెనీలకు ఇచ్చే ఇత్తులు గావచ్చు, మనోళ్లకు ఇస్తే మాట వస్తదని అట్లంటున్నవనుకున్న. నీకు మాట రావద్దనే గదా వేరేటియి పెట్టింది..."

"నేను చెప్పిన బాపు. దూది రాదని చెప్పిన."

"చెప్పినవ్."

"నువ్వు నమ్మలె."

ఆయన తువ్వాలు మడత పెట్టసాగాడు.

"సరే. నమ్మలె. మరి తెల్లకాయ తెచ్చి నీ ముంగట పెట్టినప్పుడు? పిచ్చిదాని లెక్క ఏడ్చినప్పుడు? అప్పుడైనా..."

"చెప్దామనే అనుకున్న. రోజూ అనుకున్న. నువ్వు ఏడుస్తుంటె నోరు రాలె బిడ్డా."

నీరజ లేచి డాబా మీదికి వెళ్లింది. పక్క డాబాల మీద చీరలు ఆరేసి ఉన్నాయి. పచ్చనివి, నీలివి, ఏ గింజ నుంచీ పుట్టని మెరుపు చీరలు. కింద గల్లీలో ఎవరో తెలుగులో పిల్లల్ని పిలుస్తున్నారు.

బయటివాళ్లు అనుమానించారు. వాళ్లకు తెలియదు కాబట్టి.

తెలిసినవాళ్లు ఊరుకున్నారు.

*

"నువ్వే వచ్చి చెప్పాలె," అంది నీరజ తెల్లవారి.

సదానందం సరేనన్నాడు. గడ్డం గీసుకున్నాడు. పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా వేసుకున్నాడు. బస్సులో కూతురి పక్కన కూర్చుని, చెప్పవలసిన మాటలు పెదాలతో తిప్పుకుంటూ వచ్చాడు. ఆ పెదాలను చూస్తే ఆమెకు కొంచెం జాలి కలిగింది. ఆ జాలిలో కొంచెం కోపం కరిగింది కూడా.

మేడం గదిలో విచారణకు వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. కోట్లు వేసుకున్నారు. బల్ల మీద టీ కప్పులు.

నీరజ జరిగింది చెప్పింది. డబ్బా. ఊరు. బోడి కాయలు. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

ఇద్దరిలో పెద్దాయన కళ్లజోడు తీసి హిందీలో అడిగాడు. "ఇవి సర్కారు విత్తనాలు. మీరు తీశారంటే దాన్ని దొంగతనం అంటారు. పోలీసు కంప్లైంటు ఇవ్వవలసి ఉంటుంది. ఆలోచించి చెప్పండి. మీరు మార్చారా?"

సదానందం చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. పోలీసు అన్న మాట దగ్గర ఆయన తలుపు వైపు చూశాడు.

నీరజ ఆయన పెదాలనే చూస్తోంది. బస్సులో తిప్పుకున్న మాటలు వస్తాయని చూస్తోంది.

"ముఝే కుఛ్ నహీ మాలూమ్, సాబ్," అన్నాడు సదానందం. "బేటీనే బోలా, ఐసా బోల్‌నేకో."

నాకేమీ తెలియదు. మా అమ్మాయి ఇలా చెప్పమంది.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకున్నాడు. రెండో ఆయన టీ కప్పు ఎత్తాడు. మేడం తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసింది.

నీరజ అరవలేదు. కాళ్ల కింద నేల కదిలినట్టు కూడా అనిపించలేదు. అంతా చాలా స్పష్టంగా ఉంది. తండ్రి చొక్కా మీది మడతలు. మెడ వెనుక గీత సరిగా రాని క్షవరం. చిన్నప్పుడు జాతరలో భుజాల మీద కూర్చుని చూసిన అదే మెడ.

వరండాలో మేడం వెనకే వచ్చింది. ఆమె గొంతులో నమ్మకం లేదు. కానీ తలుపు పూర్తిగా వేయడానికి మనసొప్పని ఏదో ఉంది.

"ఒక్క బతికున్న మొక్క తీసుకురా. ఒక్క పచ్చి ఆకు. అక్షరం నేనే చదువుతాను. అది తప్ప ఇంకెవరి మాటా నాకు వద్దు."

*

పరుశురాం రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఎత్తాడు.

"అన్ని కాల్చిన. గట్టు పక్కపొంటి ఒకటో రెండో ఉన్నయేమో. మేకలు దిరుగుతున్నయ్ ఆడ."

"వాటి సుట్టు జర ముళ్లకంప కొట్టు చిన్నబాపు. నేను వస్తున్న."

"మీ ఇంటోళ్ల మాట మల్ల ఇనాల్నా నేను?"

అంతే అన్నాడు. కొడతాననలేదు. కొట్టననలేదు.

సూరత్ స్టేషన్. సాయంత్రం ఎండ పట్టాల మీద పసుపుగా పడుతోంది. మూటలు, బిందెలు, బట్టల కట్టలు. ఊళ్లకు పోయే నేతపనివాళ్లు. తెలుగు, మరాఠీ, ఒడియా కలగలిసిన రొద.

నీరజ కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో ఒక ఖాళీ సంచి. తడిగుడ్డలో చుట్టి మొక్కను తేవడానికి.

దొరుకుతుందో లేదో.

దొరికినా ఆకులు మిగిలి ఉంటాయో లేదో.

ఇంట్లో ఎవరికీ రైలు సమయం చెప్పలేదు. అయినా సదానందం వచ్చాడు. రైలు పెట్టెలన్నీ వెతుక్కుంటూ, జనాన్ని తోసుకుంటూ వచ్చి, కిటికీ ఊచలు పట్టుకున్నాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. జుట్టు మీద పాలిస్టర్ నూగు.

"బిడ్డా."

ఆమె చూసింది.

"బయపడ్డ బిడ్డా. జైల్ల ఏస్తరనుకున్న. ఆడికెల్లి బయటికి వచ్చినప్పటి సంది... అన్నం దిగుతలేదు. నేనే తీసిన. నేనే మార్చిన. నా బిడ్డకు ఏం తెల్వదు."

గట్టిగానే అన్నాడు. సాంచాల మధ్య మాట్లాడినంత గట్టిగా. పక్క సీటులో ముసలామె తిరిగి చూసింది. ప్లాట్‌ఫాం మీద చాయ్ అమ్మేవాడు ఒక్క క్షణం ఆగి చూశాడు.

మేడం గదిలో వినవలసిన ఆ ముగ్గురు తప్ప అందరూ విన్నారు.

"నేను గూడ వస్త," అన్నాడు. "పరుశురాంకు నేను చెప్త. వాడు కోపంల ఉన్నడు. నేను చెప్తె ఇంటడు. టికెట్ లేకున్న పర్వలేదు, జనరల్‌ల ఎక్కుత."

"ఏం చెప్తవ్ బాపు?"

"జరిగింది చెప్త."

"మేడంకు చెప్పినట్టా?"

ఊచల మీద ఆయన వేళ్లు బిగిశాయి. ఏదో అనబోయాడు. పెదాలు కదిలాయి.

రైలు కదిలింది.

సదానందం కిటికీ వదల్లేదు. నడిచాడు. రైలుతో పాటు నడిచాడు. నడక పరుగైంది. జనం పక్కకు తప్పుకుంటున్నారు. ఎవరో, వదులు చాచా, వదులు, అని హిందీలో అరిచారు.

నీరజ చేయి ఎత్తింది. ఆ వేళ్ల మీద పెట్టి పట్టుకుందామనో, విడదీద్దామనో... ఆమెకే తెలియలేదు.

చేయి చేరకముందే ఊచలు ఖాళీ అయ్యాయి.